12 ముక్కలతో 36 జతలట! ‘క్యాప్సూల్ వార్డ్‌రోబ్’ ప్యాకేజీతో జాగ్రత్త

బెజవాడ, గుంటూరు అక్కచెల్లెళ్ళకి ముందే చెబుతున్నా. ‘క్యాప్సూల్ వార్డ్‌రోబ్ ప్లానింగ్’ (కొన్ని బట్టలనే ఒకదానితో ఒకటి కలిపి ఎక్కువ జతలుగా వేసుకునే పద్ధతి) అని ఎవరైనా ప్యాకేజీ చూపిస్తే, డబ్బు కట్టే ముందు ఒక్కసారి ఇది చదవండి. నాకు 17,110 రూపాయలు వదిలాక గానీ బుద్ధి రాలేదు. షాపు పేరు రాయడం లేదు, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. పేరుతో పని లేదు కూడా, ఇలాంటివి ఇప్పుడు చాలానే పుట్టుకొస్తున్నాయి.

మాది పటమట. ఆఫీసు మంగళగిరి వైపు. రోజూ స్కూటీ మీద వారధి దాటి వెళ్ళిరావాలి. బీరువా తలుపు తీస్తే బట్టలు మీద పడతాయి, పొద్దున్న 8 గంటలకి మాత్రం కట్టుకోడానికి ఒక్కటీ కనపడదు. పైదానికి కింద మ్యాచింగ్ లేదు, మ్యాచింగ్ ఉన్నది బిగుతైపోయింది, బాగున్నది ఇస్త్రీకి వెళ్ళింది. తక్కువ బట్టలు, అన్నీ ఒకదానితో ఒకటి కలిసేవి ఉంటే ఈ టెన్షన్ పోతుందని సంక్రాంతి తర్వాత ఫోన్‌లో వెతుకుతుంటే ఈ ప్యాకేజీ కంటబడింది.

షాపులో ఒకావిడ కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడింది. కాఫీ కూడా ఇచ్చింది. నాలుగు కుర్తీలు, మూడు ప్యాంట్లు, మూడు చున్నీలు, రెండు జాకెట్లు. జాకెట్టంటే మనం చీర మీదకి వేసుకునేది కాదు, కుర్తీ పైన వేసే కోటు లాంటిది. "ఫోర్ ఇంటూ త్రీ ఇంటూ త్రీ, థర్టీ సిక్స్ మేడమ్! నెలంతా వేసినా రిపీట్ ఉండదు" అని కాలిక్యులేటర్ నొక్కి మరీ చూపించింది. నా మొహం పక్కన రకరకాల రంగు గుడ్డలు పెట్టి, పసుపు లైటు కింద చూసి, "మీది వార్మ్ టోన్", అంటే పసుపు ఛాయ ఉన్న ఒళ్ళు అని తేల్చింది. గోడ మీద చార్టులో బ్లేజరు, ట్రెంచ్ కోటు, తెల్ల చొక్కా. న్యూయార్క్‌లో డోనా కరన్ అనే ఫ్యాషన్ డిజైనర్ 1985లో ఏడు ముక్కలతో ఆఫీసు ఆడవాళ్ళకి ఇలాంటి సెట్టు పెట్టి పేరు తెచ్చుకుంది. అక్కడి చలికి, అక్కడి ఉద్యోగాలకి సరిపోయిన లెక్క అది. మే నెలలో బందరు రోడ్డు మీద సిగ్నల్ దగ్గర నిలబడే మనిషికి ట్రెంచ్ కోటు దేనికని నాకు అప్పుడు తట్టలేదు.

గంటలో ఆవిడ అడగని ప్రశ్న ఒక్కటే: "మీరు ఆఫీసుకి ఎలా వెళ్తారు?"

పార్సెల్ వచ్చాక ఆ 36 ఎలా కరిగిపోయిందో చూడండి. మూడు ప్యాంట్లలో ఒకటి ఆఫ్‌వైట్ పలాజో. స్కూటీ మీద కూర్చుంటే అంచు ఫుట్‌బోర్డ్ నిండా పరుచుకుంటుంది. మొదటి రోజే బురదా గ్రీజూ అంటాయి. దాన్ని పక్కన పెడితే నాలుగు రెండ్లు మూళ్ళు 24. ఇటుక రంగు కుర్తీని ఆ పలాజోతో కలిపి బకెట్‌లో నానబెట్టాను, తప్పు నాదే అనుకోండి. పది నిమిషాలకి నీళ్ళు టీ డికాక్షన్‌లా మారాయి, పలాజో మీద అట్లాసులో దేశాల్లా గులాబీ మచ్చలు. "కలర్ గ్యారంటీ" అన్న కుర్తీయే అది. అదీ పోతే 18. ఇక చున్నీలు మూడూ జారిపోయే జార్జెట్. భుజం మీద పిన్ను పెట్టినా గాలికి లేచిపోతాయి. స్కూటీ చక్రంలో చున్నీ పడితే ఏమవుతుందో మనందరికీ తెలుసు, నేను ఆ సాహసం చేయను. చున్నీల లెక్క తీసేస్తే మూడు రెండ్లు ఆరు.

ముప్పై ఆరు కాస్తా ఆరు.

జాకెట్లు అసలు లెక్కలోకే రాలేదు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది, అవి కవర్లోంచి బయటికే రాలేదు.

మిగిలిన ఆరైనా సుఖంగా వేసుకుందామంటే అదీ లేదు. "కాటన్ లినెన్, సమ్మర్ స్పెషల్" అని చెప్పిన కుర్తీలు వేసుకుని ఆఫీసుకి వెళ్ళేసరికి వీపంతా తడిసి అతుక్కుపోయింది. మా అత్తయ్య రెండు వేళ్ళతో నలిపి చూసి, "ఇదేం గుడ్డే, గొడుగు గుడ్డలా ఉంది" అంది. అప్పుడు నాకు అనుమానం వచ్చింది. కుర్తీ లోపల కుట్టు పక్కన గుడ్డలోంచి (కుట్టు దారం కాదు) ఒక పోగు లాగి, బాల్కనీలో స్టీలు పళ్ళెం మీద పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించాను. మంట దగ్గరికి రాగానే పోగు వెనక్కి ముడుచుకుంది, కరిగింది, నల్లటి పొగ వచ్చింది. చివర ఆవగింజంత నల్లపూస మిగిలింది. గోటితో నొక్కితే చితకలేదు. పక్కనే మా అమ్మ పాత నేత చీర పోగు కాల్చి చూశా. కాగితం కాలిన వాసన వచ్చింది, బూడిద వేలికి పొడిగా అంటింది. పాలిస్టర్‌కీ నూలుకీ తేడా ఇంత తేలిగ్గా తెలిసిపోతుంది. నాలుగు కుర్తీల్లో మూడింటికి నల్లపూసే వచ్చింది. నిజమైన కాటన్ ఏదో తెలుసా? ఆ రంగు వెలిసిన ఇటుక కుర్తీ!

ఇక బిల్లు సంగతి. 14,500కి "18 పర్సెంట్ జీఎస్టీ" అని 2,610 కలిపి 17,110 తీసుకున్నారు. నేను అకౌంట్స్‌లో పని చేసేదాన్నే, అయినా ఆ రోజు కళ్ళు మూసుకుపోయాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఒక్కో దుస్తు ధర 2,500 దాటకపోతే జీఎస్టీ 5 శాతమే. నా 12 ముక్కల్లో ఒక్కటి కూడా ఆ ధర దాటలేదు. అంటే 725 తీసుకోవాల్సిన చోట 1,885 ఎక్కువ గుంజారు. పైగా ఇచ్చింది తెల్ల చీటీ, మీద జీఎస్టీ నంబరు లేదు. నంబరే లేనివాళ్ళకి జీఎస్టీ వసూలు చేసే హక్కే లేదు. ఫోన్‌పేలో వచ్చిన పేరు షాపుది కూడా కాదు, ఎవరో వ్యక్తిది. డబ్బు పంపే ముందు స్క్రీన్ మీద ఆ పేరు చూసి కూడా ఓకే నొక్కేశాను.

వెనక్కి ఇస్తానంటే, "ఉతికిన బట్ట తీసుకోం మేడమ్, చీటీ కింద రాసే ఉంది" అన్నారు. రంగు పోతుందని ఉతక్కుండా ఎలా తెలుస్తుందమ్మా? చీటీ మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని రాసుకున్నంత మాత్రాన అయిపోదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి కిందకే వస్తుంది. సరైన బిల్లు ఇవ్వకపోయినా అంతే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడొచ్చు, నంబరు ఇచ్చి ఫిర్యాదు నమోదు చేసుకున్నారు.

మీరు కూడా ఇలాంటిది కొనాలనుకుంటే, ముందు ఒక కాగితం మీద మీ వారం రాసుకోండి. ఎన్ని రోజులు ఆఫీసు, ఎన్ని రోజులు ఇంట్లో, బండా బస్సా, శ్రావణ శుక్రవారాలకి, ఇంద్రకీలాద్రికి, పెళ్ళిళ్ళకి ఏం కట్టుకుంటారు. రోజులో సగం నైటీలోనే గడిపే మనకి వాళ్ళ చార్టులో నైటీకి చోటే లేదు, గమనించారా? బట్ట చేతికి వచ్చాక తెల్ల రుమాలు తడిపి లోపలివైపు గట్టిగా రుద్దండి, రంగు రుమాలుకి అంటితే అక్కడే వదిలేయండి. రంగులు షాపు లైటు కింద కాదు, గుమ్మం బయట ఎండలో చూడండి. కుట్టు తిప్పి చూడడం కూడా మర్చిపోవద్దు. మన టైలర్‌కి "లోపల క్లాత్ వదలండి" అని చెప్పి కుట్టించుకుంటాం కదా, రేపు ఒళ్ళొచ్చినా విప్పుకోవచ్చని. నాకు వచ్చినవాటిలో కుట్టు పక్కన పావు అంగుళం కూడా లేదు.

నిజానికి ఈ విద్య మనింట్లో ఎప్పుడూ ఉన్నదే. మా అమ్మ నలుపు, మెరూన్, ముదురు బంగారు రంగు జాకెట్లు మూడే కుట్టించుకుని పదిహేను చీరల మీదకి తిప్పేసేది. దానికి పేరు పెట్టలేదు, ఫీజూ కట్టలేదు. ఈసారి నేను మంగళగిరిలో నిజాం బార్డరున్న నేత కాటన్ మూడు రంగుల్లో తీసుకుని కుర్తీలు కుట్టించుకున్నా. వన్‌టౌన్ వస్త్రలతలో నలుపు, నేవీ బ్లూ ప్యాంటు గుడ్డ తెచ్చుకుని, జేబులతో, మడమ పైకి ఉండేలా కుట్టమన్నా. మూడు రెండ్లు ఆరు జతలు, చున్నీ లేకుండా. అవే ఆరు, కానీ ఆరూ వేసుకుంటున్నా.

ఫిర్యాదు వెళ్ళిన తొమ్మిదో రోజు ఆ షాపావిడే ఫోన్ చేసి, "ఇంత చిన్నదానికి కంప్లయింట్ దాకా ఎందుకు మేడమ్, 5,000 వేస్తాం, ఎక్కడా రాయకండి" అంది. నేను ఒప్పుకోలేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి కాగితాలు సిద్ధం చేస్తున్నా, 5 లక్షల లోపు కొనుగోలుకి అక్కడ ఫీజు కూడా లేదు. మీలో ఎవరికైనా ఇదే ప్యాకేజీ అంటగట్టి ఉంటే చీటీలు, చాటింగులు, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లు దాచుకోండి. కోపంతో బట్టలు పనిమనిషికి ఇచ్చేయకండి, అవే సాక్ష్యం. నా గులాబీ మచ్చల పలాజో మళ్ళీ ఉతక్కుండా, కవర్లో కట్టి బీరువా పైన పెట్టాను.