ముందు తక్‌పట్టీ వచ్చింది, ఆ తరువాత కోడ్ బాగుపడింది

గుంటూరు మిర్చి యార్డులో మాది కమీషన్ దుకాణం. రైతు తెచ్చిన టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, కాటా వేయించి, ధరను బట్టి సొమ్ము లెక్కగట్టి, కమీషన్, హమాలీ వంటివి తీసివేసి తక్‌పట్టీ, అంటే రైతుకిచ్చే లెక్క చీటీ, రాసివ్వడం మా పని. ఇందుకోసం విజయవాడకు చెందిన ఇద్దరు ప్రోగ్రామర్లు రాసిచ్చిన సాఫ్ట్‌వేర్‌ను రెండు సీజన్లు వాడిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను.

అంతకుముందు ఇదే పని మరొకరికి అప్పగిస్తే, కోల్డ్ స్టోరేజీ నిల్వల దాకా అన్నీ ఇమిడే నమూనా గీయడంలోనే సీజన్ గడిచిపోయింది. ఒక్క పట్టీ కూడా చేతికి రాలేదు. వీరు మాత్రం ఒక రోజంతా మా గుమాస్తా పక్కన కూర్చుని చూసి, రెండో వారానికల్లా తేజ రకం మిర్చి ఒక్కదానికి పట్టీ అచ్చయ్యేలా చేశారు. కోడ్ ఇంకా చిందరవందరగానే ఉందని వారే చెప్పారు. అయినా అది వాడుకలోకి వచ్చింది కనుకనే, తేమ ఉన్న టిక్కీలను విడదీసి వేరే ధర కట్టే సందర్భం ఒకటుందని మూడో రోజే బయటపడింది. ఆ సంగతి ముందుగా చెప్పాలని మాకూ తోచలేదు.

లోపం లేకపోలేదు. 1,627.5 కిలోల సరుకుకు క్వింటాలు 14,300 చొప్పున 2,32,732 రూపాయల 50 పైసలు అవుతుంది. పట్టీలో అది 2,32,733గా, ఖాతాలో 2,32,732గా పడింది. ఒకే లెక్కను రెండు చోట్ల రాసి, ఒకచోట అర్ధ రూపాయిని పైకి సవరించి, మరోచోట వదిలేశారు. రైతు సొమ్ములో రూపాయి తేడా కూడా నాకు సమ్మతం కాదు. ఆ తప్పును అప్పటికప్పుడే దిద్దారు గానీ, లెక్కంతటినీ ఒకే చోటికి చేర్చే పనిని యార్డు వేసవి సెలవుల దాకా ఆపమన్నది నేనే.

సెలవుల్లో వారు చేసిన తీరు నాకు ఎంతో నచ్చింది. సీజన్‌లోని సరిచూసిన పట్టీలన్నిటినీ మార్చిన కోడ్‌తో మళ్లీ లెక్కగట్టించి, పైసలతో సహా పోల్చి చూపారు. మధ్యలో కొత్త రిపోర్టు కూడా చేర్చబోతే నేను వారించాను. రెండూ కలిస్తే తేడా ఎక్కడ పుట్టిందో తెలియదు.

తరువాతి సీజన్‌లో హమాలీ రేటు మారినప్పుడు ఒక్కచోట మార్చారు. ఆ ఉదయం మొదటి కాటా వేసేసరికి పట్టీ, ఖాతా రెండూ కొత్త రేటుతోనే వచ్చాయి.