చూసుకునే మనిషికి ఊపిరాడేది దేంతో? కేర్‌టేకరా, డే కేరా, వంతులా: ఏది మేలు

డిమెన్షియా (మతి క్రమంగా తప్పిపోయే జబ్బు) ఉన్న అత్తగారినో నాన్ననో ఇంట్లో పెట్టుకుని చూసుకుంటున్న వాళ్ళకి హైదరాబాద్‌లో బంధువులు చెప్పే సలహాలు మూడే. ఏజెన్సీ నుంచి మనిషిని పెట్టుకోమంటారు. డే కేర్‌లో దించి రమ్మంటారు. లేదంటే "అన్నదమ్ములు తలా మూడు నెలలు ఉంచుకోండి, ఒక్కరి మీదే భారం ఎందుకు?" అంటారు. ఏది మేలో తేల్చేటప్పుడు అందరూ ఖర్చు చూస్తారు, పెద్దావిడకి ఎలా ఉంటుందో చూస్తారు. చూసుకునే మనిషికి ఏం మిగులుతుందన్నది మాత్రం లెక్కలోకి రాదు. నేను అదే ముందు పెడతాను. ఈ ఏర్పాటు వల్ల ఆమెని వారంలో ఎన్ని గంటలు ఎవరూ పిలవకుండా ఉంటారు? ఎన్ని రాత్రులు కంటినిండా నిద్రపోతుంది?

ఆమె అనే అంటున్నాను. భార్యకి జడ వేయడం నేర్చుకున్న రిటైర్డ్ ఉద్యోగులు నాకు తెలుసు, కానీ ఎక్కువ ఇళ్ళలో ఈ పని భార్యదో కోడలిదో కూతురిదో. 2023లో వచ్చిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు దాటిన వాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. వాళ్ళలో చాలామంది ఉన్నది ఇళ్ళలోనే, ఇలాంటి ఒక్క మనిషి చేతుల మీదే.

వంతులు

ఈ మూడింట్లో మనవాళ్ళకి బాగా అలవాటైనది ఇది. ఖర్చు లేదు, న్యాయంగా కనిపిస్తుంది, ఊళ్ళో ఎవరూ వేలెత్తి చూపరు. మతి బాగున్న పెద్దవాళ్ళ విషయంలో సరే. డిమెన్షియా వచ్చిన మనిషిని మాత్రం ఇల్లు మార్చి ఇల్లు తిప్పడం నాకు అస్సలు నచ్చదు.

ఎందుకంటే జబ్బున్న పెద్దావిడకి మనుషుల పేర్లు పోయాక కూడా ఇంటి తీరు చాలాకాలం ఉంటుంది. రాత్రి లేస్తే బాత్రూం ఎటో కాళ్ళకి తెలుస్తుంది, లైటు స్విచ్ చేతికి తెలుస్తుంది. మల్కాజిగిరిలో ముప్ఫై ఏళ్ళు ఉన్న మనిషిని తీసుకెళ్ళి మియాపూర్‌లో పద్నాలుగో అంతస్తులో దించితే ఆ కాస్తా పోతుంది. అర్ధరాత్రి బాత్రూం అనుకుని బాల్కనీ తలుపు తీస్తుంది. పడిపోవడాలు, తుంటి ఎముక విరగడాలు ఇలాంటప్పుడే జరుగుతాయి. పాత వీధిలో అయితే గేటు దాటి వెళ్ళినా కిరాణా కొట్టాయన "అమ్మా, ఇటెక్కడికి?" అని చెయ్యి పట్టుకుని తీసుకొస్తాడు. కొత్త కాలనీలో ఆమె ఎవరో వాచ్‌మన్‌కే తెలియదు.

మరి చూసుకునే కోడలికి మూడు నెలలు విశ్రాంతే కదా అంటారు. కాదు. పెద్దావిడ తిరిగొచ్చాక మొదటి కొన్ని వారాలు నిద్ర లేని రాత్రులే. "ఇది మా ఇల్లు కాదు, నన్ను బస్సెక్కించు, నేను మా ఇంటికి పోతా" అనే మాట సాయంత్రమయ్యేసరికి మొదలవుతుంది. కుదుటపడే లోపు మళ్ళీ సూట్‌కేసు సర్దే రోజు వస్తుంది.

వంతులు వద్దని కాదు. వంతు తిరగాల్సింది పిల్లలు, అమ్మ కాదు. కొంపల్లిలో ఉన్న పెద్దకొడుకు శనివారం సాయంత్రం వచ్చి అమ్మ గదిలోనే పడుకుని ఆదివారం రాత్రి వెళ్తే, అది ఇరవై నాలుగు గంటల నిజమైన సాయం. ఆ రోజు కోడలు పుట్టింటికి వెళ్ళొచ్చు, లేదా తలుపేసుకుని పడుకోవచ్చు. వచ్చిన కొడుకు భోజనం చేసి టీవీ చూసి "అమ్మ బాగానే ఉంది కదా" అని వెళ్ళిపోతే అది సాయం కాదు, ఆమెకి ఇంకో మనిషి వంట. అమెరికాలో ఉన్నవాళ్ళకి కూడా వంతు ఉంటుంది. మందులు ఆర్డర్ పెట్టడం, ఇన్సూరెన్స్ వాళ్ళతో ఫోన్లలో గంటలు గడపడం, నవంబరు రాగానే లైఫ్ సర్టిఫికెట్ కోసం పోస్ట్‌మ్యాన్‌ని ఇంటికి పిలిపించే ఏర్పాటు చూడటం దూరం నుంచీ చెయ్యొచ్చు. రోజూ వీడియో కాల్ చేసి "అమ్మ ఎందుకు చిక్కిపోయింది?" అని అడగడం కంటే అది వెయ్యి రెట్లు మేలు.

ఏజెన్సీ మనిషి

నగరంలో రోజంతా ఇంట్లో ఉండే కేర్‌టేకర్‌కి నెలకు 20,000 దాటుతుంది. అందులో ఆ మనిషి చేతికి ఎంత అందుతుందో ఏజెన్సీని అడిగి తెలుసుకోవాలని నా అభిప్రాయం. తక్కువ అందే మనిషి నిలవదు, మనిషి మారిన ప్రతిసారీ చూసుకునే ఆమె మళ్ళీ మొదటి నుంచి నేర్పించుకోవాలి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఏజెన్సీలు పంపేవాళ్ళలో చాలామందికి వచ్చింది మంచాన పడ్డవాళ్ళకి చేసే పని: స్నానం చేయించడం, డైపర్ మార్చడం, ఫిజియోథెరపీకి సాయం. నడవగలిగి, మాట్లాడగలిగి, మతి మాత్రం తప్పుతున్న మనిషితో మెలగడం వేరే విద్య. పెద్దావిడ "ఈమె నా గాజులు తీసింది" అంటుంది. ఈ జబ్బులో ఆ అనుమానం చాలా మామూలు. పని మనిషి ఏడుస్తుంది, సర్దిచెప్పేది మళ్ళీ కోడలే. డబ్బిచ్చి తెచ్చుకున్న సాయం ఇంకో పని తెచ్చిపెడుతుంది. అందుకే పెట్టుకునే ముందు ఒక్క ప్రశ్న అడగమంటాను: "ఆమె వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాలంటే ఏం చెప్తావు?" "మీ అమ్మ ఎప్పుడో చనిపోయింది కదా అని చెప్తాను" అంటే ఆ మనిషి చెడ్డదని కాదు, నేర్పించాలని అర్థం. ప్రతిసారీ ఆ చావు కబురు పెద్దావిడకి కొత్తగానే తగులుతుంది. "మీ అమ్మగారు ఏం వండేవారు?" అని అడిగే మనిషి దొరికితే వదులుకోకండి.

భాష సంగతి కూడా చూడాలి. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రికి చికిత్సకు వచ్చిన 648 మంది డిమెన్షియా పేషెంట్ల మీద చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి డిమెన్షియా నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని అందులో తేలింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలిసి నడిచే ఈ ఊరికి అది సంతోషించే మాటే. కానీ జబ్బు ముదిరాక చాలామందిలో తర్వాత నేర్చిన భాష వెనక్కి పోయి అమ్మ భాషే మిగులుతుంది. ఒకప్పుడు మోండా మార్కెట్లో హిందీలో బేరమాడిన ఆవిడకి ఇప్పుడు ఒడిశా నుంచో జార్ఖండ్ నుంచో వచ్చిన అమ్మాయి హిందీ అర్థం కాకపోవచ్చు.

ఇన్ని చెప్పినా, కేర్‌టేకర్‌ని పెట్టుకోగలిగితే పగటికి కాకుండా రాత్రికి పెట్టుకోండి. పన్నెండు గంటల నైట్ డ్యూటీ. చూసుకునే మనిషి ఆరోగ్యాన్ని ముందు తినేసేది నిద్ర లేకపోవడమే. పగలంతా చేసిన మనిషినే రాత్రి కూడా మేలుకోమనడం మాత్రం తప్పు. ఆ అమ్మాయికీ నిద్ర కావాలి.

డే కేర్

ఉదయం పదికి దించి సాయంత్రం నాలుగుకి తెచ్చుకుంటే ఆరు గంటలు ఇల్లు ఖాళీ. ఎవరినీ పర్యవేక్షించే పని లేదు. మిగతా రెండింటికీ లేని గుణం ఇది. అక్కడ పాటలు, పూలు గుచ్చడం, నలుగురితో కబుర్లు ఉంటే పెద్దావిడ పగలు కునికిపాట్లు పడదు, రాత్రి కాస్త పడుకుంటుంది. జబ్బు తొలి దశలో, నడిమి దశలో ఉన్నవాళ్ళకి ఇదే మేలంటాను.

అయితే డిమెన్షియా తెలిసిన డే కేర్‌లు నగరంలో తక్కువ, దూరం ఎక్కువ. వనస్థలిపురం నుంచి జూబ్లీహిల్స్ వైపు గంట ప్రయాణం అనుకోండి. దించి వెనక్కి రావడానికి గంట, మళ్ళీ తెచ్చుకోవడానికి వెళ్ళే గంట పోతే ఆరులో మిగిలేవి నాలుగే. పైగా ట్రాఫిక్‌లో కారు తలుపు తీయబోయే మనిషిని పట్టుకుని కూర్చునే రెండు గంటలు అదనం. అరగంటలో చేరేలా ఉంటేనే వెళ్ళండి, లేదా సెంటర్ వాళ్ళ వ్యాన్ ఉంటేనే. తొమ్మిదికల్లా స్నానం చేయించి బట్టలు కట్టించే యుద్ధం ఎలాగూ తప్పదు.

దగ్గర్లో లేకపోతే పక్కింట్లో పరిచయమున్న ఆమెకి డబ్బిచ్చి వారంలో మూడు మధ్యాహ్నాలు కూర్చోబెట్టుకోవడం నయం. ముఖం తెలిసిన మనిషి, భాష తెలిసిన మనిషి.

బంధువులు చెప్పనిది

విశ్రాంతి ఇచ్చే ఏర్పాట్ల మీద జరిగిన పరిశోధనలను వైద్య ఆధారాలని పరిశీలించే కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్ష 2014లో కూడగట్టి చూసింది. అధ్యయనాలు కొన్నే, చిన్నవే. వాటిలో మేలూ కీడూ స్పష్టంగా కనబడలేదు. చూసుకునే మనిషికి నేర్పించడం, ఆమె మాట వినడం మీద మాత్రం గట్టి ఆధారాలున్నాయి. గోవాలో 81 కుటుంబాలతో చేసిన పని 2008లో అచ్చయింది. శిక్షణ పొందిన స్థానికులు ఆరు నెలలపాటు ఇళ్ళకి వెళ్ళి జబ్బు గురించి, పెద్దవాళ్ళ ప్రవర్తన గురించి చెప్పారు. వెళ్ళింది డాక్టర్లు కాదు, అయినా చూసుకునేవాళ్ళ మనసు తేలికపడింది. ఇంగ్లండ్‌లో ఎనిమిది విడతల శిక్షణతోనే చూసుకునేవాళ్ళ దిగులు తగ్గిందని 2013లో తేలింది. న్యూయార్క్‌లో జీవిత భాగస్వాములకి కౌన్సెలింగ్ ఇస్తే, పేషెంట్లని కేర్ హోంలో చేర్చడం 557 రోజులు వెనక్కి జరిగింది.

ఆ గోవా పని మన బస్తీ దవాఖానాల ద్వారా ఎందుకు చెయ్యకూడదో నాకు అర్థం కాదు. 2018 నుంచి వీధి వీధికీ దగ్గరగా ఉన్న ప్రభుత్వ చిన్న ఆసుపత్రుల వ్యవస్థ అది. బీపీ చూసే చోటే చూసుకునే కోడలిని "నువ్వు నిద్రపోతున్నావా?" అని అడగొచ్చు. అది వచ్చేదాకా డిమెన్షియా కుటుంబాల కోసం పనిచేసే ఏఆర్‌డీఎస్‌ఐ సంస్థ హైదరాబాద్ దక్కన్ చాప్టర్ (స్థానిక శాఖ) ఉంది, ఇతర కుటుంబాలని కలవడానికి దారి అక్కడ దొరుకుతుంది. చూసుకునేవాళ్ళ కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఐసపోర్ట్ పాఠాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. పెద్దవాళ్ళ సమస్యలకి ఎల్డర్‌లైన్ 14567, ఇక నావల్ల కాదనిపించిన రాత్రి మాట్లాడటానికి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416. రెండిట్లోనూ తెలుగులో మాట్లాడొచ్చు.

కాబట్టి నా వరస ఇది: ముందు నేర్చుకోవడం, దానితోపాటే పిల్లలు అమ్మ దగ్గరికి వచ్చే వంతు. ఈ రెండింటికీ డబ్బు అక్కర్లేదు. డబ్బు ఉంటే, రాత్రుళ్ళు లేచి తిరిగే మనిషి ఇంట్లో నైట్ డ్యూటీ మనిషి, పగలు తిరిగే మనిషి ఇంట్లో దగ్గరి డే కేర్. అన్నదమ్ములతో మాట్లాడేటప్పుడు నెలల్లో కాక గంటల్లో అడగండి. "నువ్వు కూడా చూడాలి" అంటే ఎవరూ కదలరు. "రెండో శనివారం సాయంత్రం ఆరు నుంచి ఆదివారం ఆరు దాకా నీది" అంటే ఒప్పుకుంటారో లేదో అప్పుడే తేలుతుంది.

మంచాన పడే దశ వచ్చాక ఈ వరస మారుతుంది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే వీపున పుళ్ళు పడతాయి, గొంతు దిగక అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయే భయం ఉంటుంది. డే కేర్‌కి తీసుకెళ్ళే స్థితి ఉండదు. అప్పుడు పగలొకరు, రాత్రొకరు కావాలి, ఏజెన్సీ వాళ్ళకి వచ్చిన పని సరిగ్గా అదే. ముందు నుంచి రాత్రికి వస్తున్న మనిషే ఉంటే ఆ దశ పెద్దావిడకీ, కోడలికీ కూడా కొంత తేలిక.