సెషన్‌కు ఒక్కసారే చెబుతుందట!

సీఎన్‌సీ మెషీన్లను, అంటే కంప్యూటరు చెప్పినట్టు కోసే, చెక్కే యంత్రాలను నడిపే లైనక్స్‌సీఎన్‌సీ సాఫ్ట్‌వేర్ ఉచితమని, పాత డెస్క్‌టాప్ మీద కూడా నడుస్తుందని అందరికీ తెలిసిందే, అవి వదిలేద్దాం. నా కోపమంతా అందులోని ఒకే ఒక్క హెచ్చరిక మీద. అనుకోని రియల్‌టైమ్ ఆలస్యం జరిగిందంటూ, అంటే కంప్యూటరు తన పని సరిగ్గా సమయానికి చేయలేకపోయిందంటూ తెర మూలన ఒక చిన్న పెట్టె వస్తుంది. ఈ సందేశం సెషన్‌కు (ప్రోగ్రామ్ తెరిచి మూసేలోపు) ఒక్కసారే కనిపిస్తుందని అందులోనే రాసి ఉంటుంది. పొద్దున మెషీన్ ఖాళీగా ఉన్నప్పుడు వచ్చిందనుకోండి, మధ్యాహ్నం చెక్క పాడయ్యేటప్పుడు మళ్లీ నోరు విప్పదు.

నాది చెక్కపని చేసే రౌటర్, అంటే తిరిగే బిట్‌తో చెక్కను చెక్కే సీఎన్‌సీ మెషీన్. కరెంటు పల్సుకో చిన్న అడుగు చొప్పున తిరిగే స్టెప్పర్ మోటార్లు, 5 మి.మీ. పిచ్ (చుట్టుకు 5 మి.మీ. జరిపే) బాల్ స్క్రూలు, పారలల్ పోర్టుకు (పాత ప్రింటర్ పోర్టు) తగిలించిన బ్రేకవుట్ బోర్డు (మోటార్ల వైర్లు కలిపే బోర్డు), ఏదో ఆఫీసు వదిలించుకున్న కంప్యూటరు. నేమ్ బోర్డులు హాయిగా చేసుకున్నాను. అప్పట్లో అడిగినవాళ్లందరికీ ఇదే సెటప్ పెట్టుకోమని చెప్పాను.

పూజగది తలుపుకు టేకు పలక మీద శంఖచక్రాలు చెక్కడం మొదలుపెట్టాక గొడవ మొదలైంది. పక్కన నిలబడి చూస్తున్నంతసేపు బుద్ధిగా తిరిగేది. భోజనం చేసి వచ్చేసరికి చక్రం అంచు రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగి ఉండేది. మోటారును స్క్రూతో కలిపే కప్లింగులు బిగించాను. యాక్సిలరేషన్ తగ్గించాను. స్పిండిల్ (బిట్‌ను తిప్పే మోటారు) వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ నుంచి కరెంటు నాయిస్ వస్తోందేమోనని షీల్డ్ కేబుల్ వేసి ఎర్త్ చేశాను. ఏం చేసినా అంతే. "మీరు ఎదురుగా ఉంటేనే పని చేస్తోంది, అచ్చం మన పెయింటర్‌లా" అంది మా ఆవిడ.

ఎగతాళికి అన్నా సంగతి అదే. కంప్యూటరు ఎంత ఆలస్యం చేస్తోందో కొలిచే లేటెన్సీ టెస్ట్ పెట్టి మౌస్ ముట్టకుండా వదిలేశాను. మామూలుగా బేస్ థ్రెడ్ (పల్సులు పంపే పని) జిట్టర్, అంటే సమయంలో వచ్చే తేడా, 14,000 నానోసెకన్ల దగ్గర ఉండేది. మానిటర్ నిద్రలోకి వెళ్లాక మౌస్ కదిపి చూస్తే గరిష్ఠం 3 లక్షలు దాటి కూర్చుంది! మానిటర్ స్లీప్ ఆపేసి టెస్ట్ మళ్లీ పెడితే ఆ దరిదాపులకు కూడా పోలేదు.

నా సెట్టింగులో మిల్లీమీటరుకు 320 పల్సులు. నిమిషానికి 2000 మి.మీ. వేగంలో పల్సుకూ పల్సుకూ మధ్య సుమారు 94 మైక్రోసెకన్లే ఉంటుంది. అక్కడ 300 మైక్రోసెకన్ల (3 లక్షల నానోసెకన్ల) గండి పడితే వేగంగా తిరుగుతున్న మోటారు పట్టు తప్పుతుంది. మోటారు నిజంగా ఎంత తిరిగిందో చెప్పే ఎన్‌కోడర్ లేదు కాబట్టి కంప్యూటరుకు అది తెలిసే దారి లేదు. తను పంపిన పల్సులు లెక్కపెట్టుకుని అంతా సవ్యంగానే ఉందనుకుంటుంది.

బయోస్‌లో (కంప్యూటరు మూల సెట్టింగులు) ప్రాసెసర్‌ను నిద్రపుచ్చే సీ-స్టేట్లు, మిగతా పవర్ సేవింగ్, వాటితోపాటు ఒక్కో కోర్‌ను రెండుగా వాడే హైపర్‌థ్రెడింగ్ అంతా ఆపేశాను. మదర్‌బోర్డు గ్రాఫిక్స్‌కు బదులు సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ మార్కెట్) కొన్న పాత గ్రాఫిక్స్ కార్డు పెట్టాను. తలుపు పూర్తయింది.

కొన్నాళ్లకు ఆ కంప్యూటరే పోయింది. తర్వాత తెచ్చినదానికి పారలల్ పోర్టు లేదు, అందుకే మీసా కంపెనీ 7ఐ96ఎస్ కంట్రోల్ కార్డు తెప్పించాను. పల్సులు తయారుచేసే పని కార్డు మీది ఎఫ్‌పీజీఏ అనే చిప్‌ది. కంప్యూటరు మిల్లీసెకనుకోసారి ఈథర్‌నెట్‌లో పలకరిస్తే చాలు. నేను ఊహించనిది మోటార్ల శబ్దం. ఆ గరగర పోయి ఒకే శ్రుతిలో పాడుతున్నాయి. ఇదివరకు మొరాయించిన వేగాల్లో కూడా ఇప్పుడు తేలిగ్గా వెళ్తున్నాయి.

అలాగని టెన్షన్ పూర్తిగా పోలేదు. నెట్‌వర్క్ ప్యాకెట్ ఆలస్యమైతే రీడ్ (కార్డు నుంచి సమాచారం చదవడం) పూర్తి కాలేదని ఎర్రర్ ఇచ్చి మెషీన్ మొత్తం ఆగిపోతుంది. చెప్పకుండా చెడగొట్టేదాని కంటే చెప్పి ఆగిపోయేది నయమే. కాకపోతే నేను స్పిండిల్‌ను వీఎఫ్‌డీ బటన్‌తోనే ఆన్ చేసుకుంటాను కాబట్టి, బిట్ ఉన్నచోటే తిరుగుతూ టేకును మాడ్చేసింది. నెట్‌వర్క్ సెట్టింగులు మార్చే ఈథ్‌టూల్ కమాండ్‌లో ఆర్‌ఎక్స్-యూసెక్స్ (వచ్చిన ప్యాకెట్‌ను అందించే ముందు ఆగే సమయం) విలువ సున్నా చేశాక ఆ ఎర్రర్ మళ్లీ రాలేదు. స్పిండిల్ వైరింగ్‌ను కార్డు అవుట్‌పుట్‌కు మార్చే పని మాత్రం ఇంకా మిగిలే ఉంది. ఇంకోటి, కార్డు నెట్‌వర్క్ అడ్రసు 192.168.1.121 అయితే ఇంటి వైఫై అదే వరసలో ఉన్నప్పుడు తికమక అవుతుంది. కార్డు మీది జంపర్ (చిన్న పిన్ను తొడుగు) మార్చి 10.10.10.10 పెట్టుకోవడం మేలు.

అందరూ కొనాలా అంటే చెప్పలేను. ఈ కార్డు ధరకు నా పాత కంప్యూటర్లు రెండు వస్తాయి, విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ అదనం. గంటల తరబడి రిలీఫ్ (ఉబ్బెత్తు బొమ్మలు) చెక్కుతాను కాబట్టి నాకు గిట్టింది. బల్ల మీద పెట్టుకునే 3018 లాంటి చిన్న మెషీన్‌కైతే జీఆర్‌బీఎల్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో నడిచే చిన్న బోర్డు చాలు. పారలల్ పోర్టుతో బాగానే నడుపుతున్నవాళ్లు ముందు లేటెన్సీ టెస్ట్ పెట్టి, మానిటర్ నిద్రపోయేదాకా వదిలేసి చూడండి. జిట్టర్ 20,000 నానోసెకన్ల లోపే ఉంటే ఆ డబ్బుతో టేకు కొనుక్కోండి.