మడ్లెట్‌లో ఎలియాస్‌లు, ట్రిగ్గర్లు: చాలాకాలం వాడాక

బొమ్మల్లేకుండా అక్షరాలతోనే నడిచే, చాలామంది ఒకే సర్వర్‌లో కలిసి ఆడే మడ్ ఆటల కోసం చాలాకాలంగా మడ్లెట్ అనే ప్రోగ్రామ్ వాడుతున్నాను. ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, స్క్రిప్టులు లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసుకోవాలి. కొత్తవాళ్లు వచ్చీరాగానే, ఆటలో ఫలానా మాట కనబడగానే వాటంతటవే పనిచేసే ట్రిగ్గర్ల మీద పడతారు. నన్నడిగితే ముందు ఎలియాస్‌లే, అంటే పొడుగాటి ఆదేశాలకు మనం పెట్టుకునే పొట్టి పేర్లే.

ఎలియాస్ మనం టైప్ చేస్తేనే కదులుతుంది, కాబట్టి టెన్షన్ లేదు. పోరు మధ్యలో పొడుగాటి మంత్రం ఆదేశం కొట్టే బదులు రెండక్షరాలు, పక్కన తోటివాడి పేరు కొడితే చాలు. ఎలియాస్ స్క్రిప్టులో ఆ పేరు మ్యాచెస్ (matches) అనే పట్టికలో రెండో గడిలో ఉంటుంది. మొదటి గడిలో ఉండేది మనం కొట్టినదాంట్లో సరిపోలిన మొత్తం వరస. సున్నా నుంచి లెక్కపెట్టే ప్రోగ్రామింగ్ భాషల అలవాటున్నవాళ్లు ఇక్కడ కాసేపు తికమకపడతారు.

ట్రిగ్గర్ అలా కాదు. సర్వర్ నుంచి వచ్చే ప్రతి వరసనూ చూస్తూ, కావలసింది తగలగానే తనంతట తానే ఆదేశం పంపేస్తుంది. ‘నీకు ఆకలేస్తోంది’ అని వస్తే రొట్టె తినమని రాశామనుకోండి. దాన్ని సబ్‌స్ట్రింగ్‌గా, అంటే వరసలో ఎక్కడున్నా తగిలేలా పెడితే, పక్కనున్న ఆటగాడు ఆ మాట అన్నా మన పాత్ర రొట్టె నమిలేస్తుంది. అల్లరివాళ్లు కావాలనే అంటారు కూడా! రొట్టెతో పోతే సరే, బంగారం ఇచ్చేసే ట్రిగ్గరైతే మూట ఖాళీ. అందుకే రెగెక్స్‌గా (అక్షరాల నమూనా రాసే పద్ధతి) మార్చి, వరస మొదలును సూచించే ^ ముందు, ముగింపును సూచించే $ చివర బిగించాలి. అప్పుడు ‘ఫలానావాడు అన్నాడు’ అని మొదలయ్యే వరస దానికి తగలదు.

ఇప్పుడు నా దగ్గరున్న ట్రిగ్గర్లలో ఎక్కువ భాగం ఆదేశాలు పంపేవి కావు, రంగులు వేసేవీ చెత్త వరసలు దాచేవీ. గుంపు కొట్లాటలో ఎవరి దెబ్బ ఎవరికి తప్పిందో చెప్పే సోదంతా మాయమై, నాకు తగిలిన దెబ్బ ఒక్కటే ఎర్రగా కనిపిస్తే ఎంత హాయో. ప్రాణం, మాయాశక్తి అంకెల కోసమైతే ట్రిగ్గరే అక్కర్లేదు. ఆట జీఎంసీపీ (తెరమీది అక్షరాలతో కలపకుండా సమాచారం పంపే పద్ధతి) ఇస్తుంటే ఆ అంకెలు విడిగా వచ్చేస్తాయి, తెరమీద వాటిని చూపే ప్రాంప్ట్ వరసను ఎలా మార్చుకున్నా చెడవు.

ఇలాంటిదే మరో ప్రోగ్రామ్, టిన్‌టిన్ ప్లస్ ప్లస్ కూడా వాడాను. టెర్మినల్ (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) వదలనివాళ్లకు అది బాగుంటుంది. ట్రిగ్గర్‌ని అక్కడ యాక్షన్ అంటారు, అంతా ఒక టెక్స్ట్ ఫైల్‌లో సర్దుకోవచ్చు. గేజ్‌లు (ప్రాణం లాంటివి చూపే పట్టీలు), విడి కిటికీలు, మౌస్‌తో సర్దుకునే మ్యాపు కావాలంటే మాత్రం నా ఓటు మడ్లెట్‌కే.

ఏది వాడినా ముందు ఆ ఆట నియమాలు చూడండి. ట్రిగ్గర్లకు ఒప్పుకునే చాలా ఆటలు కూడా, మనిషి కీబోర్డు దగ్గర లేకుండా పాత్రను ఆడనిస్తే ఊరుకోవు.