మెరూన్ పెట్టెల రైలు: హెచ్‌ఓ చేయాలా, ఎన్ చేయాలా?

ముక్కు మీద నక్షత్రం ఉన్న డబ్ల్యూపీ రకం ఆవిరి ఇంజను, వెనక మెరూన్ రంగు ఐసీఎఫ్ (చెన్నై ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) పెట్టెలు. ఈ రైలును చిన్న నమూనాగా చేసి ఇంట్లో నడపాలనుకునేవాళ్లకు మొదటి ప్రశ్న స్కేలే, అంటే అసలు రైలులో ఎన్నో వంతు సైజులో చేయాలన్నది. హెచ్‌ఓ అంటే 1:87, ఎన్ అంటే 1:160.

21 మీటర్లు దాటే ఐసీఎఫ్ పెట్టె హెచ్‌ఓలో దాదాపు 24.5 సెంటీమీటర్లు, ఎన్‌లో 13 చిల్లర. పది పెట్టెలు కడితే హెచ్‌ఓలో ఇంజను కాకుండానే రెండున్నర మీటర్లు. మలుపులూ విశాలంగా ఉండాలి, లేకపోతే పెట్టెల మూలలు పట్టాల బయటికి పొడుచుకొస్తాయి. అపార్ట్‌మెంట్ గదిలో ఇది నిజంగా కష్టం. ఎన్ అయితే ఒక తలుపు చెక్క మీద కూడా చిన్న లైను వేసుకోవచ్చు.

అయినా నా ఓటు హెచ్‌ఓకే. కారణం కిటికీ ఊచలు. ఆ అడ్డ ఊచలు లేకపోతే అది మన రైలే కాదు. హెచ్‌ఓలో సన్నటి రాగి తీగ ముక్కలు ఒక్కొక్కటీ అతికించి, సగం దించిన షట్టర్ కూడా చూపించవచ్చు. ఎన్‌లో ఊచలంటే గీతలు గీయడమే.

ఒక లోటు రెండింటిలోనూ ఉంది. మన బ్రాడ్‌గేజ్‌లో పట్టాల మధ్య దూరం 1,676 మి.మీ. లెక్కప్రకారం హెచ్‌ఓలో పట్టాల మధ్య 19 మి.మీ. పైనే ఉండాలి, దొరికేది 16.5. ఎన్‌లో పదిన్నరకు బదులు 9. పక్కనుంచి చూస్తే తెలియదు, ఎదురుగా చూస్తే మాత్రం ఇంజను కాళ్లు దగ్గరికి పెట్టుకున్నట్టుంటుంది.

రైలు మొత్తం మలుపు తిరుగుతుంటే చూడాలనుకునేవాళ్లకు మాత్రం ఎన్నే మేలు.