రైలుకని కొన్న పవర్ బ్యాంకు: నాలుగేళ్ల వాడకం తర్వాత

నాది కొబ్బరి వ్యాపారం. అంబాజీపేటలో కాయ కొని, లారీలకి ఎక్కించి బయట రాష్ట్రాలకి పంపుతాం. నెలకి రెండుసార్లైనా వసూళ్లకి వెళ్లాలి. మా వైపుకి ఇంకా రైలు రాలేదు కాబట్టి ముందు బస్సులో రాజమండ్రి, అక్కడ రాత్రి బండి. పొద్దున్న రేట్లతో మొదలైన ఫోను, రాత్రి లారీ డ్రైవరు "టోల్‌గేటు దాటేశానండీ" అనేదాకా చెవి వదలదు. రాజమండ్రి స్టేషన్లో అడుగుపెట్టేసరికి ఛార్జింగ్ ఇరవై శాతం. స్లీపర్ బోగీలో సాకెట్టు ఖాళీగా దొరకదు. దొరికినా రాత్రి 11 నుంచి తెల్లవారి 5 దాకా దాంట్లో కరెంటు ఉండదు. అందుకని 2022 జనవరిలో 20000 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత పడుతుందో చెప్పే కొలత) పవర్ బ్యాంకు ఒకటి కొన్నాను. ఏడాదిన్నర తర్వాత 10000ది ఒకటి. కంపెనీల పేర్లు రాయడం లేదు. ఆ మోడళ్లు ఇప్పుడు ఎలాగూ దొరకవు.

నిజానికి వీటికి ముందు ఇంకోటి ఉండేది. స్టేషన్ బయట ఫుట్‌పాత్ మీద నాలుగొందలకి కొన్నాను. దాని మీద 30000 అని ఇంత పెద్ద అక్షరాలు. ఫోను ఒక్కసారి కూడా పూర్తిగా నిండేది కాదు. ఒకరోజు విసుగొచ్చి ఊపితే లోపల ఏదో కదిలింది. మా సరుకులో అయితే అది మంచి గుర్తు. కురిడీ కాయని చెవి దగ్గర పెట్టి ఊపితే గలగలమనాలి. పవర్ బ్యాంకు గలగలమనకూడదు. విప్పి చూస్తే ఒక మూల చిన్న సెల్లు, మిగతా అంతా బరువు కోసం పోసిన ఇసుక. కాయ తూకంలో ఎవరినీ నమ్మని నేను ఇసుకని నాలుగొందలకి కొన్నాను. అప్పటినుంచి వెనకవైపు బీఐఎస్ (వస్తువుల ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ) గుర్తు, దాని కింద 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరు చూస్తాను. ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో వస్తుంది.

అసలు సరుకులో కూడా అంకె దగ్గర ఒక మెలిక ఉంది. 20000 అనేది లోపలి సెల్లు లెక్క, 3.7 వోల్టుల దగ్గర. ఫోనుకి ఇచ్చేది 5 వోల్టులు. 20000ని 3.7తో హెచ్చిస్తే 74 వాట్ అవర్లు. దాన్ని 5తో భాగిస్తే 14800కి దిగిపోతుంది. వోల్టేజీ మార్చడంలో వేడి కింద పోయేది ఇంకొంత. నా దాని వెనకాల చిన్న అక్షరాల్లో 'రేటెడ్ కెపాసిటీ 12000' అని ఉంది, అంటే బయటికి నిజంగా ఇచ్చేది. నేను చదివింది కొన్న రెండు నెలలకి. వాడకంలో తేలిందీ అంతే: నా 5000 బ్యాటరీ ఫోను కొత్తలో రెండున్నర సార్లు కాస్త పైనే నిండేది, ఇప్పుడు రెండుసార్లకి సరిపోతుంది. కొట్టువాడు "నాలుగుసార్లు ఎక్కుతుందండీ" అంటే తల ఊపండి గానీ నమ్మకండి. పెద్ద అంకె వదిలేసి రేటెడ్ కెపాసిటీ ఎంతో చదవండి. అది ఎక్కడా రాయలేదంటే ఆ వస్తువు నేను కొనను.

ప్రయాణానికి 20000 కొనడం నా మొదటి తప్పు. మా అమ్మ చూసి, "ఇటిక ముక్కలా ఉంది, జేబులో ఎలా పెట్టుకుంటావురా?" అంది. పెట్టుకోలేకపోయాను. నాలుగొందల గ్రాముల దగ్గర తూగుతుంది. చొక్కా జేబులో పెడితే చొక్కా ఓ పక్కకి లాగేస్తుంది. బ్యాగులో పెడితే రాత్రి వైరు పైబెర్తు దాకా రాదు. పడుకుని ఛార్జింగ్ పెట్టి తలగడ కిందకి తోసేద్దామా అంటే, అది ఊపిరాడక వేడెక్కే వస్తువు, ఆ పని చేయకూడదు. ఒక్క రాత్రి ప్రయాణానికి, మర్నాడు పొద్దున్న లాడ్జిలో దిగేదాకా, 10000 చాలు. రెండు పగళ్లు రోడ్డు మీదే ఉండేవాళ్లకి మాత్రం 20000.

మరి ఆ ఇటికని ఎందుకు పారెయ్యలేదంటే, 2022 జూలై వరద. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. మా అత్తగారి ఊరు పి.గన్నవరం అవతల లంక. కరెంటు తీసేశారు, ఫోన్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి. మూడో రోజు పడవ మీద వెళ్లాను. పాల ప్యాకెట్లు, కొవ్వొత్తులు, చొక్కా లోపల జిప్ కవర్లో పవర్ బ్యాంకు. గట్టు మీద బడిలో ఉన్నారు అందరూ. మొదట వాడింది పిల్లలకి జ్వరం వస్తే ఏఎన్ఎం గారికి ఫోను చెయ్యడానికి. తర్వాత వరసగా అందరి ఫోన్లూ, తలా పది నిమిషాలు. రాత్రి అయ్యేసరికి ఖాళీ.

అక్కడే నాకు అసలు పాఠం. పెళ్లిళ్లకి అద్దెకిచ్చే జనరేటరు ఒకటి తెచ్చి సాయంత్రం రెండు గంటలు వేసేవారు. నా పవర్ బ్యాంకు 18 వాట్లు తీసుకోగలదు. నేను పట్టుకెళ్లింది మాత్రం ఎప్పటిదో పాత ఫోను ఛార్జరు, 10 వాట్లది. రెండు గంటలు దాని ముందే కూర్చున్నాను. నాలుగు లైట్లలో ఒకటి వెలిగింది, రెండోది మినుకు మినుకుమంటోంది, ఈలోపు జనరేటరు ఆపేశారు. పావు వంతు దగ్గరే ఆగిపోయింది. సరైన ఛార్జరు ఉంటే దాదాపు రెట్టింపు ఎక్కేది. అందరూ పవర్ బ్యాంకు ఎంత వేగంగా ఇస్తుందో చూస్తారు. అది ఎంత వేగంగా తాగుతుందో ఎవరూ అడగరు. డబ్బా మీద 'ఇన్‌పుట్' అని రాసి ఉంటుంది, కనీసం 18 వాట్లు ఉండాలి, దానికి తగ్గ ఛార్జరు కూడా దాంతోపాటే బ్యాగులో ఉండాలి. మామూలు 10 వాట్ల ఛార్జరుతో 20000ది నిండాలంటే తొమ్మిది గంటల దాకా పడుతుంది.

అదే రోజు ఇంకో తమాషా. మా అత్తగారిది బటన్ ఫోను. పవర్ బ్యాంకుకి తగిలించిన కాసేపటికి ఆగిపోయేది. పాడైందనుకున్నాం. ఫోను మరీ తక్కువ కరెంటు లాగుతుంటే, ఏదీ తగిలించలేదనుకుని పవర్ బ్యాంకు తనంతట తనే ఆరిపోతుందట. పక్కనున్న బటన్ని గబగబా రెండుసార్లు నొక్కితే చిన్న ఆకుపచ్చ లైటు వెలిగి తక్కువ కరెంటు మోడ్‌లోకి వెళ్తుంది. ఇంటర్ చదివే కుర్రాడు ఒకడు చెప్పాడు. ఇయర్‌బడ్స్‌కి కూడా అదే. అన్నిటికీ ఉండదు, కొనేటప్పుడు అడగండి.

ఫాస్ట్ ఛార్జింగ్ గురించి రెండు ముక్కలు. ఫోను డబ్బా మీద 67 వాట్లు అని ఉన్నా ఆ వేగం చాలావరకు ఆ కంపెనీ సొంత ఛార్జరుతోనే. పవర్ బ్యాంకు మీద 22.5 అని ఉన్నా మీ ఫోను దాని భాష అర్థం చేసుకోకపోతే 10 దగ్గరే ఎక్కుతుంది. మాది ఒకే ఇంట్లో మూడు కంపెనీల ఫోన్లు, మూడింటికీ కాస్త ఒప్పేది పీడీ (పవర్ డెలివరీ, చాలా కంపెనీల ఫోన్లు అర్థం చేసుకునే ఛార్జింగ్ పద్ధతి) ఉన్న టైప్-సి పోర్టు. ఇచ్చేదీ తీసుకునేదీ ఒకే టైప్-సి అయితే ఒక్క వైరుతో పని జరిగిపోతుంది. నా పాత దానికి పెద్ద యూఎస్‌బీ పోర్టులు కూడా ఉన్నాయి. అంతర్వేది వైపు ఉప్పుగాలికి వాటిలో ఒకదానికి చిలుము పట్టేసింది. అగ్గిపుల్లకి దూది చుట్టి తుడిస్తే కొన్నాళ్లు పని చేసింది, తర్వాత అదీ లేదు. ఇప్పుడు రెండిటికీ జిప్ కవరే.

10000ది బాగానే ఉండేది. పల్చగా, జేబులో ఫోను పక్కన ఇమిడేది. 2024 మే నెలలో దాన్ని కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసి మండీలోకి వెళ్లాను. రెండు గంటల తర్వాత వస్తే చేత్తో పట్టుకోలేనంత వేడి. వారం తర్వాత చూస్తే బల్ల మీద నిలకడగా ఉండట్లేదు, అప్పడంలా మధ్యలో ఉబ్బింది. దాన్ని మళ్లీ ఛార్జింగ్ పెట్టలేదు, పొడవలేదు, చెత్తలో వెయ్యలేదు. పాత బ్యాటరీలు తీసుకునే వాళ్లకి ఇచ్చేశాను. వారంటీ ఆరు నెలలే, అది ఎప్పుడో అయిపోయింది. అయినా తప్పు నాదైతే వారంటీ ఏం చేస్తుంది? మళ్లీ 10000దే కొన్నాను, ఈసారి నాలుగు లైట్ల బదులు శాతం అంకెల్లో చూపించేది. నాలుగు లైట్లలో మొదటిది ఆరడానికి గంట, చివరిది ఆరడానికి పావుగంట. ఆ లెక్క నమ్ముకుని ఒకసారి నాగపూర్లో ఇబ్బంది పడ్డాను.

ఓసారి మధురపూడి, అదే రాజమండ్రి విమానాశ్రయం, నుంచి హైదరాబాద్ విమానం ఎక్కాను. పవర్ బ్యాంకు చెకిన్ సామానులో వేస్తే పెట్టె తెరిపించారు. అది చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్ల లోపైతే అనుమతి అడగక్కర్లేదు, 20000ది 74 కాబట్టి గొడవ లేదు, 27000 దగ్గర ఆ గీత వచ్చేస్తుంది. తంటా ఏమిటంటే, వెనకాల అంకెలు వాడకంలో అరిగిపోతాయి. చదవడానికి ఏమీ లేకపోతే తీసి పక్కన పెట్టేస్తారు. నేను కొత్తది కొనగానే ఆ రాత మీద పారదర్శక టేపు అంటించాను.

2025 అక్టోబర్ 28 అర్ధరాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మాకు రెండు రోజులు కరెంటు లేదు. ఈసారి రెండూ నిండా ఉన్నాయి. కానీ రెండో రోజుకి టవరే పడుకుంది. సిగ్నల్ కోసం వెతుక్కుంటూ ఫోను ఇంకా వేగంగా ఖాళీ అయింది. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి గంటకోసారి తీసి చూడటం మొదలుపెట్టాక నిలబడింది.

మామూలు రోజుల్లో నిండుగా దాచను, సగం పైన ఉంచి రెండు నెలలకోసారి ఎక్కిస్తాను. నిండా ఎక్కించి వేడిలో దాస్తే సెల్లు తొందరగా ముసలిదవుతుంది. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక, అంటే 11.75 అడుగులు అనగానే నూరు శాతం ఎక్కిస్తాను. 10000ది నాతో రైల్లో తిరుగుతోంది. ఇటికని మాత్రం అత్తగారింట్లో వదిలేశాను, 18 వాట్ల ఛార్జరు దానికే రబ్బరు బ్యాండుతో కట్టేసి. మొన్న ఆవిడ ఫోను చేసి, "బాబూ, నీ ఇటిక ఇంకా మూడు లైట్లు చూపిస్తోంది, చాలా?" అని అడిగారు. నాలుగు వెలిగేదాకా ఎక్కించమన్నాను.