పాత వీడియో గేముల కోసం చెక్కపెట్టె: మూడేళ్లు ఆడాక నా అభిప్రాయం

బల్ల మీద పెట్టుకుని ఇద్దరు పక్కపక్కనే కూర్చుని ఆడుకునే ఆర్కేడ్ పెట్టె ఇది, అంటే గేమ్ షాపుల్లో ఉండే యంత్రం లాంటిది. లోపల రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్, ముందు 17 అంగుళాల పాత ఎల్‌సీడీ మానిటర్, దాని కింద రెండు జాయ్‌స్టిక్‌లు, బటన్ల వరసలు, చుట్టూ 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్. విశాఖపట్నంలో మా ఇంటి హాల్లోకి వచ్చి మూడేళ్లు దాటింది. సెలవుల్లో పిల్లలు, ఆదివారాలు నేనూ మా బావమరిదీ, పండగలకు వచ్చిన చుట్టాలు, ఇలా దీని మీద చెయ్యి పడని వారం లేదు.

ఇంతకాలం వాడాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. ఇలాంటి యంత్రం హాల్లో నిలుస్తుందా, అటక ఎక్కుతుందా అన్నది తేల్చేది పెట్టెయే. కంప్యూటర్ సంగతి పెద్దగా ఆలోచించనక్కర్లేదు. టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ యంత్రం నింటెండో ఫ్యామికాం 1983 నాటిది. మన ఊళ్లలో గేమ్ షాపుల్లో రూపాయి బిళ్లకు ఆడిన ఆటలు చాలావరకు 1990ల మొదట్లోవి. పై 4కు అవి ఏ మాత్రం భారం కావు. చేతికి కుదురుగా అందుతుందా, ఎండాకాలంలో వేడి బయటికి పోతుందా, ఏదైనా పాడైతే మనమే తీసి మార్చుకోగలమా అన్నవన్నీ చెక్క కోసేటప్పుడే తేలిపోతాయి.

చెక్క విషయంలో నేను రాజీ పడలేదు. చెక్కపొడిని నొక్కి చేసే ఎండీఎఫ్ పలక కోతకు సుఖంగా ఉంటుంది, అంచులు నున్నగా వస్తాయి, ధర కూడా తక్కువ. కానీ సముద్రం పక్క ఊళ్లో అది తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, స్క్రూ రెండుసార్లు విప్పి బిగిస్తే పట్టు వదిలేస్తుంది. ఐఎస్ 710 ముద్ర ఉన్న, నీటికి ఓర్చే ప్లైవుడ్ తీసుకున్నాను. మూడు వానాకాలాలు గడిచినా పక్క పలకలు ఎక్కడా వంగలేదు, చెద పట్టలేదు. స్క్రూలన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువే. ఇక్కడి ఉప్పుగాలికి మామూలు స్క్రూ తలలు ఏడాదిలోపే తుప్పు పట్టి, విప్పబోతే గాడి అరిగిపోతుంది. ఒక్క సన్‌మైకా మాత్రం నాకు తృప్తినివ్వలేదు. ఆటగాడి మణికట్టు ఆనే ముందు అంచు దగ్గర చెమటకు జిగురు వదిలి మూల లేచింది. అక్కడ సన్నటి టేకు బీడింగు కొట్టించాక మళ్లీ ఇబ్బంది రాలేదు. కొత్తగా కట్టించేవారు ఆ బీడింగు మొదటే వేయించుకోవాలి.

పెట్టెలో అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది వెనక తలుపు. కొలతలు చూసిన వడ్రంగి గారు, "వెనక మొత్తం తలుపే పెట్టేద్దాం బాబూ, రేపు లోపల ఏది పాడైనా మళ్లీ నన్ను పిలవనక్కర్లేదు" అన్నారు. రెండు మడతబందులు, పైన ఒక అయస్కాంతపు గడియ, అంతే. వెనక పలకను ఆరు స్క్రూలతో బిగించేసే నమూనాలు చాలా చూశాను. అలాంటి పెట్టెను ఎవరూ విప్పరు, అందువల్లే లోపల దుమ్ము పేరుకుంటుంది, వదులైన తీగ వదులుగానే ఉండిపోతుంది. మా పెట్టె తలుపు నెలకోసారైనా తెరుచుకుంటుంది. మెత్తటి కుంచెతో దుమ్ము దులపడం, తీగలు ఒకసారి తడిమి చూడటం, ఏ ఆటైనా కొత్తగా ఎక్కించాలంటే పెన్‌డ్రైవ్ పెట్టడం, అన్నీ అక్కడి నుంచే. బటన్ల పలక కూడా విడిగా ఊడివస్తుంది. కింద నాలుగు రెక్కల నట్లు తిప్పితే చాలు, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు.

తెర గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్త వెడల్పాటి మానిటర్ పెట్టమని నాకు చాలామంది సలహా ఇచ్చారు. ఈ పాత మానిటర్ రిజల్యూషన్ 1280 × 1024, అంటే అడ్డంగా 1280 చుక్కలు, అలాంటి గీతలు పై నుంచి కిందికి 1024. పాత టీవీ ఆటలు 4:3 కొలతకు, అంటే వెడల్పు నాలుగు పాళ్లు, ఎత్తు మూడు పాళ్లు ఉండేలా గీసినవి. ఆ బొమ్మ ఈ తెర వెడల్పంతా నిండితే ఎత్తు 960 గీతలవుతుంది, పైన 32, కింద 32 నల్లగా మిగులుతాయి. ఫ్యామికాం బొమ్మ ఎత్తు 240 గీతలు. నాలుగుతో గుణిస్తే సరిగ్గా 960. అంటే ఆటలోని ప్రతి గీతకూ తెర మీద సమానంగా నాలుగేసి గీతలు దక్కుతాయి. అదే 1080 గీతల కొత్త తెర నిండా బొమ్మను సాగదీస్తే నాలుగున్నర రెట్లు వస్తుంది. ఒక గీత నాలుగై, పక్కది ఐదవుతుంది. బొమ్మ పైకీ కిందికీ జరిగేటప్పుడు ఆ తేడా అలలా కదులుతూ కంటికి తగులుతుంది. పాత ఆటలను నడిపే రెట్రోఆర్చ్ సాఫ్ట్‌వేర్‌లో సీఆర్‌టీ-పై అనే షేడర్ (బొమ్మ తీరును మార్చే చిన్న ప్రోగ్రామ్) పెట్టుకుంటే పాత పిక్చర్ ట్యూబు టీవీలో కనిపించే సన్నటి అడ్డగీతలు వస్తాయి. మా తెర మీద అవి పాళీతో గీసినట్టు సమంగా ఉంటాయి. నిలువు తెరకు చేసిన పాక్‌మన్ ఎత్తు 288 గీతలు. మూడు రెట్లు చేస్తే 864, అదీ తెరలో హాయిగా ఇమిడింది.

ఈ రకం పాత మానిటర్లతో ఒక చిక్కుంది. కింది నుంచి చూస్తే రంగులు నల్లబడతాయి. అందుకని పక్క పలకల్లోనే తెరను వెనక్కి వాల్చి, కుర్చీలో కూర్చున్నవారి కంటికి ఎదురుగా వచ్చేలా కోయించాను. పెద్దవాళ్లకు బాగానే ఉంది. ఆరేడేళ్ల పిల్లలు కూర్చుంటే మాత్రం దిండు వేయాల్సిందే, లేకపోతే తెర పైభాగం వాళ్లకు మసకగా కనిపిస్తుంది.

జాయ్‌స్టిక్‌ల విషయానికి వస్తే, డబ్బు పెట్టాల్సిన చోటు ఇదేనని ఘంటాపథంగా చెబుతాను. రెండో ఆటగాడి వైపు మొదట సెట్టుతో పాటు వచ్చిన చవక కర్రే ఉండేది. ఏడాది తిరక్కుండానే దాని స్ప్రింగు సడలింది, కుడివైపు స్విచ్చు ఒక్కోసారి పలికేది కాదు. మొదటి ఆటగాడి వైపున్న సాన్వా జేఎల్‌ఎఫ్ ఈ మూడేళ్లలో ఒక్కసారి సిలికాన్ గ్రీజు అడిగింది తప్ప మరేమీ కోరలేదు. ఇప్పుడు రెండు వైపులా అదే ఉంది. నెమ్మదిగా పక్కకు నెడితే కొద్ది మిల్లీమీటర్లకే సన్నగా టిక్కుమంటుంది, వదిలితే ఊగకుండా నడిమికి వచ్చి ఆగుతుంది. ఆ టిక్కుమనే చోటు వేలికి అలవాటైతే కాంట్రా అనే తుపాకుల ఆటలో తూటాల మధ్య నుంచి దూరడం కన్నుతో కాక చేత్తోనే జరిగిపోతుంది. పాక్‌మన్ ఆడేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. ఎనిమిది దిక్కులకూ తిరిగే కర్రతో మలుపుల దగ్గర మూలకు వెళ్లి బొమ్మ ఆగిపోతుంది. అడుగున ఉండే గేటు పలకను నాలుగు దిక్కుల అమరికకు మార్చుకుంటే అదే ఆట చేతిలో వెన్నలా నడుస్తుంది. విడిగా ఊడివచ్చే పలక వల్ల ఈ మార్పు పెద్ద పని కాదు.

ఒక్కొక్కరికి ఆరు బటన్లు పెట్టించాను. స్ట్రీట్ ఫైటర్ 2కు ఆరూ కావాలి. మనవాళ్లు ముస్తఫా అని పిలుచుకునే క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్‌కు రెండే చాలు, ఒకటి కొట్టడానికి, ఒకటి ఎగరడానికి, రెండూ కలిపి నొక్కితే చుట్టూ ఉన్నవాళ్లు ఎగిరిపడతారు, మన ప్రాణమూ కొంచెం తగ్గుతుంది. 1993 నాటి ఆ ఆటే మా పెట్టెలో అన్నిటికంటే ఎక్కువ ఆడేది. తెర చిన్నదైనా బటన్ల పలకను 60 సెంటీమీటర్ల వెడల్పు ఉంచడం వల్ల ఇద్దరి మోచేతులు తగులుకోవు. దానికి మూల్యం బరువు. ఒక్కరే ఎత్తి పక్క గదికి మార్చగలిగే వస్తువు కాదిది. చిన్న ఇళ్లలో ఒక్క ఆటగాడి పెట్టెతో సరిపెట్టుకోవడమే మేలు.

పై 4 ఉష్ణోగ్రత 80 డిగ్రీలు తాకితే తన వేగం తానే తగ్గించుకుంటుంది. మే నెలలో, మూసిన చెక్కపెట్టెలో, పక్కనే వేడెక్కే మానిటర్ ఉండగా అక్కడికి చేరడం కష్టమేమీ కాదు. మేము అడుగున ఒక వరస బెజ్జాలు, తలుపు పైభాగంలో 80 మిల్లీమీటర్ల ఫ్యాను పెట్టాం. 12 వోల్టుల ఫ్యానును 5 వోల్టులకే కలిపాం కాబట్టి నెమ్మదిగా, చప్పుడు లేకుండా తిరుగుతుంది. పై 4 మీద వేడిని లాగేసే అల్యూమినియం హీట్‌సింకు ఉంది. ఎంత ఎండలోనైనా 60 దాటగా నేను చూడలేదు. బెజ్జాల లోపలి వైపు దోమతెర ముక్క అతికించాం. బొద్దింకలు, బల్లులు లోపలికి చేరకపోవడానికి అంతకంటే చవకైన ఉపాయం లేదు.

శబ్దం దగ్గర కొంతకాలం విసిగిపోయాను. పీఏఎం8403 అనే చిన్న ఆంప్లిఫయర్ బోర్డుకూ రాస్ప్‌బెర్రీ పైకీ ఒకే 5 వోల్టుల సరఫరా ఇస్తే స్పీకర్లలో తుమ్మెద రొద మొదలయ్యేది, తెర మీద బొమ్మ మారినప్పుడల్లా ఆ రొదా మారేది. ఆంప్లిఫయర్‌కు వేరే అడాప్టరు ఇవ్వగానే పూర్తిగా పోయింది. రాస్ప్‌బెర్రీ పైకి మాత్రం 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే దాని సొంత అడాప్టరే వాడాలి. ఫోను ఛార్జర్లతో నడిపితే తెర మూలన మెరుపు గుర్తు కనిపిస్తుంది, వోల్టేజీ చాలడం లేదని అర్థం.

కరెంటు కోతలు మాకు తప్పవు. ఆట మధ్యలో హఠాత్తుగా ఆగిపోతే మెమరీ కార్డులోని ఫైళ్లు చెడిపోయే ప్రమాదం ఉంది, ఒకసారి పిల్లలు దాచుకున్న ఆటలన్నీ అలాగే పోయాయి. ఇప్పుడు అన్నీ యూఎస్‌బీకి తగిలించే ఎస్‌ఎస్‌డీ డ్రైవు మీద ఉన్నాయి, పెట్టెను ఇన్వర్టరు లైనుకు కలిపాం, నకలు వేరే డ్రైవులో ఉంది. పక్క పలక మీద చిన్న బటన్ ఒకటి పెట్టి రాస్ప్‌బెర్రీ పై పిన్నులకు కలిపాను. నొక్కితే పద్ధతిగా ఆగుతుంది, మళ్లీ నొక్కితే లేస్తుంది. మా అమ్మ కూడా దాన్ని సొంతంగా ఆపగలుగుతోంది.

పెట్టెను నడిపే సాఫ్ట్‌వేర్ పేరు రెట్రోపై, పాత యంత్రాల ఆటలను రాస్ప్‌బెర్రీ పై మీద ఆడించేది. మొదటి అమరికకు ఓపిక కావాలి, ఆ తర్వాత దాని జోలికి వెళ్లాల్సిన పని దాదాపు లేదు. కాలేజీ ల్యాబుల్లో ఆడుకున్న డేంజరస్ డేవ్, పాత డాస్ ఆటలను నడిపే డాస్‌బాక్స్ ద్వారా నడుస్తోంది. కీబోర్డు బాణాలను జాయ్‌స్టిక్‌కు కేటాయించుకుంటే చాలు. ఆటల ఫైళ్ల గురించి సూటిగా చెబుతాను. పాతవైనా ఇవి చాలావరకు ఇంకా కాపీరైట్ కింద ఉన్నవే. వందల ఆటలు నింపి అమ్మే కార్డుల జోలికి వెళ్లవద్దు. రాబీ రోటో, గ్రిడ్లీ లాంటి కొన్ని ఆర్కేడ్ ఆటలను హక్కుదారుల అనుమతితో, ఆర్కేడ్ ఆటలను కంప్యూటర్లో నడిపే మేమ్ (MAME) సాఫ్ట్‌వేర్ బృందమే ఉచితంగా ఇస్తోంది. ఇప్పటికీ ఫ్యామికాం కోసం కొత్త ఆటలు రాసి అమ్ముతున్నవారున్నారు. మైక్రో మేజెస్ కొనుక్కున్నాను, నలుగురు కలిసి ఆడే ఆట, ఇద్దరమే ఆడినా చాలా సరదాగా ఉంది.

ఖర్చు మొత్తం 20 వేల రూపాయల చుట్టుపక్కల అయింది. అందులో పెద్ద వాటా జాయ్‌స్టిక్‌లు, బటన్లది, తర్వాత రాస్ప్‌బెర్రీ పైది. మానిటర్ పాత సామాన్ల దుకాణంలో చవకగా దొరికింది. ఇలాంటి చదరపు తెరలు క్రమంగా తగ్గిపోతున్నాయి. కట్టాలనుకునేవారు ముందు మానిటర్ సంపాదించి, దాన్ని కొలిచాకే చెక్క కోయించండి. పై 5 తీసుకునేవారు ఇంకొకటి చూసుకోవాలి. దానికి పవర్ బటన్ ఉంది కానీ 3.5 మిల్లీమీటర్ల ఆడియో జాక్ లేదు. మానిటర్‌కు స్పీకర్లు లేకపోతే యూఎస్‌బీ సౌండ్ కార్డు ఒకటి కొని, దానికి కూడా లోపల చోటు వదలాలి.